కుళాయి కింద తడి తువ్వాలు

ఏడవకుండా దాచుకున్న ఏడుపు పోయినవాళ్లకి చేరుతుందా అన్న అనుమానం ఆమెకి ఆరేళ్లుగా ఉంది. దేవుణ్నే అడిగింది. పొద్దున్నే స్నానం చేసి ఆయన ముందు నిలబడినప్పుడు, ఇంటిల్లిపాదికీ కావలసినవన్నీ అడగడం అయ్యాక, ఆఖర్న కాస్త సిగ్గుపడుతూ ఈ సంగతి అడిగేది. ఆయన విన్నాడు గానీ ఏమీ అనలేదు. వినడం వరకే ఆయన వంతు కాబోలు అనుకుంది. కట్టుకున్న ఆయనా వింటాడు, మనిషికి యాభై నిమిషాల చొప్పున. కాకపోతే బయటివాళ్ల మాటలు మాత్రమే.

పదకొండు కావస్తోంది. పాత తువ్వాలు తడిపి, నాలుగు మడతలు పెట్టి, సింకులో కుళాయి కింద పరిచింది. ఆ కుళాయి కారుతుంది. చుక్క స్టీలు సింకు మీద పడితే భర్త గదిలో మైకు పట్టేస్తుంది, గుడ్డ మీద పడితే పట్టదు. ప్లంబర్ని పిలుద్దామంటే, "పగలంతా సెషన్లు. వాడి సుత్తి చప్పుడు ఎవరు భరిస్తారు?" అన్నాడు భర్త. అందుకని తువ్వాలే మిగిలింది. ఆ తరవాత కాలింగ్ బెల్ వైరు పీకింది, పొయ్యి మీది కుక్కరు దించేసింది, చెప్పులు విడిచి ఒట్టి కాళ్లతో తిరిగింది. రోజుకి అయిదుసార్లు ఆ ఇంట్లో ఆడమనిషి లేనట్టుండాలి.

ఆన్‌లైన్ కౌన్సెలింగంటే అతని పేరే చెబుతారు. ఆఫీసు ఒత్తిడి, అత్తాకోడళ్ల గొడవలు, మాటలు మానేసిన మొగుడూపెళ్లాలు, అన్నీ ఆ గదిలో కంప్యూటర్ ముందు తేలిపోతాయి. అతనికి రెండు గొంతులున్నాయి. తలుపు లోపలిది వెన్న. తలుపు బయటికొస్తే, "ఉప్పెక్కువైంది."

అపాయింట్‌మెంట్ల ఫోను ఆమె చేతిలో ఉంటుంది. కూర తరుగుతూ, చేతులు తుడుచుకుని జవాబులు ఇస్తుంది. ఒకసారి ఎవరో అమ్మాయి, "ఇక ఉండాలని లేదు సార్" అని పంపింది. అతను నిద్రపోతున్నాడు. ఆమె, "ఉండు తల్లీ. నీ మాట వినకుండా ఈ ఫోను కింద పెట్టను" అని రాసి, రెండు గంటలు ఆ పిల్లతో మాటలు కలిపి, వాళ్ల అక్క వచ్చేదాకా వదల్లేదు. తరవాత ఆ అమ్మాయి ఉత్తరమంత మెసేజ్ పెట్టింది, మీ మాటే నన్ను ఆపింది సార్ అని. భోజనాల దగ్గర అతను అది పైకి చదివాడు.

"మాట బలమంటే అదిరా నాయనా," అంది అత్తగారు.

"ఆ మాట నేను రాసింది కదండీ."

అతను చదవడం ఆపి ఆమెని జాలిగా చూశాడు. "దీన్ని గుర్తింపు ఆకలి అంటారు. నీ తప్పు కాదులే, చిన్నప్పుడు నిన్ను ఎవరూ పట్టించుకుని ఉండరు."

"వాడు లోకాన్ని బాగు చేస్తుంటే, గిన్నెలు చప్పుడు కాకుండా తోమడానికి దీనికి నొప్పి," అంది అత్తగారు పెరుగు కలుపుకుంటూ.

చిన్నప్పుడు ఆమెని పట్టించుకోనివాళ్లెవరు? మూడు వీధుల అవతలికి వినపడే గొంతు ఆమెది. వాళ్లమ్మ ముద్దుగా "మైకు" అని పిలిచేది. "ఒసే మైకూ, మీ అన్నయ్యలకి గొంతే లేదు. రేపు నేను పోతే నోరారా ఏడవాల్సింది నువ్వే. ముక్కు చీదేసి ఊరుకున్నావంటే లేచి కూర్చుంటాను చూడు!"

"సరేలే, ఊరంతా లేచేలా ఏడుస్తాను," అనేది నవ్వుతూ.

"మాటిచ్చావు. బాకీ ఉంచుకోకు."

ఆరేళ్ల కిందట ఆ కబురు పదకొండున్నరకి వచ్చింది. చెవి దగ్గర ఫోనుతో, నోరు తెరిచి, ఇంకా శబ్దం బయటికి రాకముందే పరుగున వెళ్లి గది తలుపు తోసింది. ఆమె ముఖం చూస్తే చాలు, సంగతి తెలిసిపోతుంది. అతనికీ తెలిసింది. కెమెరా వైపు అదే చిరునవ్వుతో చూస్తూ, ఒక కాగితం మీద ఏదో రాసి బల్ల పక్కనుంచి చూపించాడు. "20 నిమిషాలు. గట్టిగా వద్దు." ఆమె తలుపు చేరవేసుకుని వచ్చి, కుళాయి కింద తువ్వాలు తీసి నోట్లో కుక్కుకుంది. ఇరవై నిమిషాలయ్యాక అతను బయటికొచ్చి భుజం తట్టాడు. "ఎలాగూ పోయింది కదా, ఒంటిగంట ఆవిడ సెషన్ కూడా చూసుకుని బయల్దేరదాం. పాపం చాలా బాధలో ఉంది." వాళ్లు చేరేసరికి అక్కడ అంతా అయిపోయింది. ఖాళీ మంచం చూస్తూ నిలబడింది. ఏడుపు రాలేదు. "కన్నకూతురు, కంటతడైనా పెట్టలేదు," అన్నారు వెనకాల. ఆ తరవాత ఎన్నిసార్లు ప్రయత్నించినా రాలేదు. తువ్వాలు రుచి మాత్రం నోట్లో అలాగే ఉంది.

ఈరోజు మామూలు సెషన్ కాదు. ఒక పెద్ద కంపెనీ తన ఉద్యోగుల కౌన్సెలింగంతా అతనికి అప్పజెప్పాలా వద్దా అని చూస్తోంది. వందమంది వింటున్నారు. హెడ్‌ఫోన్లు పెడితే జుట్టు అణిగిపోతుందని స్పీకరు పెట్టుకున్నాడు. "ఇవాళ చిన్న చప్పుడైనా నా పదేళ్ల కష్టం మట్టిపాలు," అని పొద్దున్నే చెప్పాడు. ఆమె వంటింట్లో ముక్కాలి పీట మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

స్పీకర్లో ఒక ఆడగొంతు సన్నగా వినపడింది. "మా అమ్మ పోయి రెండు నెలలైంది సార్. ఆఫీసులో ఏడిస్తే బాగుండదని ఆపుకుంటున్నాను."

"ఆపుకోకండమ్మా," అన్నాడు వెన్న గొంతుతో. "కన్నీళ్లు ఆపుకోవడం మీకు మీరు చేసుకునే హింస. ఎక్కడున్నా సరే, ఏడవండి. కొందరుంటారు, మనసు బండబారిపోయినవాళ్లు. ఎక్కడో ఎందుకు, మా ఇంట్లోనే ఉంది. మా ఆవిడ. కన్నతల్లి పోతే ఒక్క చుక్క రాల్చలేదు. ఆ జబ్బుకి నా దగ్గర కూడా మందు లేదు." వందమందిలో ఎవరో చిన్నగా నవ్వారు. అతనూ నవ్వాడు.

ఆమె చేతిలో రాయి చేతిలోనే ఉండిపోయింది.

ఆ రాయి కింద పడేసి లేచింది. బియ్యం చేట గట్టు మీద పెట్టింది. సింకులో చెయ్యి పెట్టి, తడి తువ్వాలు ఒక కొస పట్టుకుని లాగేసింది. టప్. చుక్క స్టీలు మీద పడింది. మళ్లీ టప్. సెషన్ వేళ ఆ చప్పుడు ఆమె ఎన్నేళ్ల తరవాత విందో.

"అమ్మా!" అంది.

మొదట అది ఆమెకే పరాయి గొంతులా వినపడింది. రెండోసారికి దారి గుర్తుకొచ్చింది. మూడోసారికి మూడు వీధులు దాటే గొంతు కడుపులోంచి తన్నుకుంటూ వచ్చింది. "అమ్మా... ఓయమ్మా... నిన్ను చూడనివ్వలేదే అమ్మా..."

అత్తగారు పరిగెత్తుకొచ్చింది. "నోరు ముయ్యవే! వాడి బతుకు బుగ్గి చేస్తావా!"

"సార్, మీ ఇంట్లో ఎవరో ఏడుస్తున్నారు," అంది స్పీకర్లో ఆ ఆడగొంతు.

"అబ్బే, పక్కింటి టీవీ అండీ," అన్నాడు.

"కాదు సార్. వెళ్లి చూడండి సార్, పాపం."

తలుపు తెరుచుకుంది. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. అతను ఒక కాగితం ఎత్తి చూపించాడు. "10 నిమిషాలు ఆగు. ప్లీజ్."

ఆమె ఆ కాగితాన్ని నీళ్లు నిండిన కళ్లతో ఓపిగ్గా చదివింది. చదివి, గుండెల నిండా గాలి పీల్చుకుని, ఈసారి ఊరంతా లేచేలా ఏడ్చింది. తువ్వాలు కింద పడి ఉంది. దాన్ని తీసివ్వడానికి అత్తగారికి కూడా చెయ్యి రాలేదు.

ఎంతసేపని ఎవరూ గడియారం చూడలేదు. గదిలో స్పీకరు ఎప్పుడో మూగబోయింది. ఏడుపు దానంతటదే ఆగింది, అన్నం తిన్నాక ఆకలి ఆగినట్టు. మాటిచ్చినట్టే ఏడ్చానమ్మా అనుకుంది. చేరిందా అని ఇక దేవుణ్ని అడగాల్సిన పని లేదనిపించింది. ముఖం కడుక్కోవడానికి కుళాయి పూర్తిగా తిప్పింది. నీళ్లు స్టీలు మీద ఇల్లంతా వినపడేలా పడుతున్నాయి. కట్టమని ఎవరూ అనలేదు.