సోఫా వెనక నవ్వు

భీమరావుకు ఆఫీసులో అసలు పని ఫైళ్లు చూడటం కాదు, నవ్వడం. జిల్లా అధికారి వరదరాజులు కుప్పం తనిఖీకి వచ్చి ఏ పాచిపోయిన జోకు వేసినా, అందరికంటే ముందు పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఇంత నవ్వినా బదిలీ మాత్రం రాలేదు. భార్య రోజా మదనపల్లెలో, తను కుప్పంలో అద్దె గదిలో. కనీసం పుంగనూరుకు వేయించుకున్నా రోజూ సాయంత్రానికి ఇల్లు చేరొచ్చని అతని ఆరాటం.

సారుకు టీవీలో వచ్చే ఓ దెయ్యం కామెడీ సీరియలంటే ప్రాణం. చచ్చిపోయిన అత్తగారు ఇల్లు వదలదు, కోడలి వంటకు వంకలు పెడుతుంటుంది, అంతే కథ. దానికోసమని భీమరావు మదనపల్లె ఇంటికి గది నాలుగు మూలలా మోగే స్పీకర్లు తెచ్చి, ఆదివారం సారును అక్కడికే భోజనానికి పిలిచాడు. సారు ఇంకా ఖుషీ కావాలని సోఫా వెనకున్న రెంటికీ సౌండు బాగా పెంచాడు. అతితెలివి ఊరికే ఉండనిస్తుందా!

దెయ్యం నోరు తెరిచినప్పుడల్లా సీరియల్లో జనం నవ్వుతారు కదా, ఆ నవ్వంతా సరిగ్గా సారు మెడ వెనకనుంచే వచ్చింది. సారేమో మధ్యలో నోరు మూసుకునే రకం కాదు.

"నేనుండా గాబట్టే డిపార్టుమెంటు నిలబడి ఉండాది," అన్నాడు.

వెనకనుంచి ఘొల్లున నవ్వు. సారు గిరుక్కున తిరిగాడు.

"ఎవురయ్యా అది?"

"స్పీకర్లు సార్! ఇంగెవురుండారు ఈడ?" అని భీమరావు చెమట తుడుచుకున్నాడు.

ఆ తర్వాత ప్రతి నవ్వునూ స్పీకర్ల మీదికే నెట్టాడు. సారు పోనీలెమ్మని నాటుకోడి పులుసు మీద పడ్డాడు. పుంగనూరు సంగతి రేపే చూస్తానన్నాడు కూడా. భీమరావుకు ప్రాణం లేచొచ్చింది.

అంతలో కరెంటు పోయింది. టీవీ, ఫ్యాను, స్పీకర్లు అన్నీ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో సారు ఎముక చప్పరిస్తూ, గొంతు బరువు చేసుకున్నాడు.

"ఒగటి మాత్రం సెప్తాండా భీమరావ్. నా సర్వీసులో ఒకరింట్లో పచ్చి మంచినీళ్లు గూడా ముట్టలా."

కిసుక్కుమని నవ్వు వినిపించింది. అంతటితో ఆగకుండా పొర్లుకుంటూ వచ్చింది. నవ్వింది తనేనని భీమరావుకు కాస్త ఆలస్యంగా తెలిసింది. ఒళ్లంతా భయం, లోపల మాత్రం చెప్పలేనంత హాయి.

"స్పీకర్లు సార్," అన్నాడు అలవాటుగా.

"కరెంటు యాడుండాదయ్యా?"

సారు చెయ్యి కడుక్కోకుండానే చెప్పులేసుకున్నాడు. ఆయన వాకిలి దాటేదాకా రోజా కొంగు నోట్లో కుక్కుకుని ఆపుకుంది. ఆ తర్వాత ఆమె వల్ల కాలేదు.

"ఎన్నేండ్లకప్పా నీ నవ్వు ఇన్నది!" అంది కళ్లు తుడుచుకుంటూ. "పో, పడుకో. తెల్లార్తో కుప్పం బస్సుకు సద్ది కడతా."