వదిన కూర్చునే కుర్చీ

ఎర్రమ్మ పొడంపేట కోడలై వచ్చి పద్దెనిమిదేళ్ళు. ఈ పద్దెనిమిదేళ్ళలో ఆడపడుచు భారతీదేవి ఆ ఇంట్లో ఒక్కసారైనా కూర్చున్న పాపాన పోలేదు. బరంపురం నుంచి ఏడాదికి రెండుసార్లు వస్తుంది. గుమ్మంలో నిలబడుతుంది. తను పుట్టిందీ పెరిగిందీ ఆ ఎండుచేపల మధ్య కానట్టు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటుంది. “కూకోడానికి మీ ఇంట్లో సోటేదే?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఆటో ఎక్కేస్తుంది. పేటలో ఉన్నన్నాళ్ళూ ఆమె భారతమ్మ. మొగుడికి ప్యూను ఉద్యోగం వచ్చి బరంపురంలో కాపురం పెట్టాక భారతీదేవి అయింది.

అలాంటి మనిషిని తన ఇంట్లో కూర్చోబెట్టాలని ఎర్రమ్మ పట్టుదల. సముద్రం పాత గుడిసెను తినేశాక, సర్కారు కట్టించిన కాలనీలో వాళ్ళకు రెండు గదుల ఇల్లు అమరింది. పైన శ్లాబు, కింద గచ్చు. గృహప్రవేశానికి ముహూర్తం కూడా పెట్టించేశారు.

“ఈసారి ఒదిన మనింట్లో కూకోవాల. కూకుని, టీ తాగి, ఒక్క వంకైనా పెట్టకుండా ఎల్లాల,” అంది మొగుడితో.

వల బాగు చేసుకుంటున్న మసేను తలైనా ఎత్తలేదు. “మా అప్ప వంక పెట్టకుండా ఎల్తాదా? దానికన్నా ఈ వల నేకుండా సేపలు పట్టడం తేలిక,” అన్నాడు.

భారతీదేవి ఫోనులోనే సలహా పారేసింది. వైకుంఠరావు ఫర్నిచర్ దుకాణానికి వెళ్ళమంది. తన సోఫా అక్కడిదేనంది. “తక్కువలో వత్తాదని గడ్డీ గాదం కొనకు. మంచి సరుక్కి మంచి రేటుంటాది. నీకలాటివి తెలీవులే,” అంది చివరికి.

ఈ చివరి మాట ఎర్రమ్మ గుండెల్లో గుచ్చుకుంది. హుమ్మ నుంచి పొలసర దాకా గంపతో తిరిగి చేపలమ్మిన మనిషికి సరుకు తెలియదట! మొప్ప ఎత్తి చూసి, పొట్ట నొక్కి, అది ఏ పూట పట్టిన చేపో చెప్పగలదు. అన్నిటికన్నా బేరానికి వేళ ఉంటుందని తెలుసు. పొద్దున్నే అడిగితే ఏ సరుకైనా కొండెక్కి కూర్చుంటుంది. పొద్దు వాలితే అమ్మేవాడే దాన్ని కిందికి దించి, తీసుకుపొమ్మని బతిమాలతాడు. చేపలకు చెల్లిన ఈ లెక్క కుర్చీలకు మాత్రం ఎందుకు చెల్లదని ఆమె ధీమా.

కనుక ముందు పొద్దుటి ధర విందామని ఒకనాడు పొద్దున్నే బరంపురంలో బస్సు దిగి వైకుంఠరావు దుకాణంలో అడుగు పెట్టింది. గుమ్మం మీద “ఈ రోజే ఆఖరు! భారీ తగ్గింపు!” అని బోర్డు వేలాడుతోంది. ఎన్ని ఎండలు చూసిందో, దాని మీది ఎర్ర అక్షరాలు వెలిసి గులాబీ రంగుకు వచ్చాయి. లోపల సోఫాలన్నిటికీ ప్లాస్టిక్ తొడుగులు. ఎర్రమ్మ ఒకదాని మీద చెయ్యి వెయ్యబోతే పనివాడు బబ్లూ ఒరియాలో పిన్నీ అని పిలుస్తూ పరుగెత్తుకొచ్చాడు.

“మావుసీ, ముట్టుకోకు! మరకలవుతాయి.”

ఎర్రమ్మ తన చేతుల వంక చూసుకుంది. బయల్దేరే ముందు రెండుసార్లు సబ్బు పెట్టి కడుక్కున్న చేతులు. ఒళ్ళు మండింది గానీ పని ముఖ్యం. రెండు కుర్చీలు చూపించి ధర అడిగింది. వైకుంఠరావు గల్లాపెట్టె వెనక నుంచి లేవకుండానే పద్దెనిమిది వేలన్నాడు. అసలైన టేకు, ఫారిన్ పాలిష్, జీవితకాలం గ్యారంటీ. ఎవరి జీవితకాలమో చెప్పలేదు.

“సరే, ఉంటాను,” అని ఎర్రమ్మ బయటికి వచ్చి, ఎదురుగా మూసి ఉన్న కొట్టు మెట్ల మీద కూర్చుంది. పొద్దు వాలేదాకా ఉండాలిగా మరి.

వైకుంఠరావుకు మొదట నవ్వొచ్చింది. మధ్యాహ్నానికి చిరాకు పట్టుకుంది. ఎర్రమ్మ మాత్రం తెచ్చుకున్న చద్దన్నం తిని, చెయ్యి కడుక్కుని, మళ్ళీ దుకాణం మీదే చూపు నిలిపింది. గంపెడు సరుకు ముందు రోజంతా కూర్చోవడం ఆమెకు కొత్తేమీ కాదు.

అలా కూర్చున్నందుకు చాలా చూసింది. పదకొండింటికి ఒకాయన విరిగిన మంచాన్ని ఆటోలో వేసుకొచ్చి, నెల తిరక్కుండా కోడు ఊడిందని లబోదిబోమన్నాడు. వైకుంఠరావు ఆయనకు చల్లని షర్బత్ తాగించి, మెత్తని మాటలు చెప్పి, ఇంకో మంచం అంటగట్టి, పైన ఇంకొంత గుంజి పంపాడు. ఆయన సందు మలుపు తిరిగాడో లేదో, బబ్లూ ఆ కోడుకి జిగురు పట్టించి, గోధుమరంగు పూసి, దుప్పటి కప్పి, మంచాన్ని దుకాణం ముందు వరసలో నిలబెట్టాడు. రెండింటికి నిలువెత్తు బీరువా ఒకటి అమ్ముడైంది. ఒక్క మనిషి దాన్ని ఒంటి చేత్తో ఎత్తి బండిలో పెట్టేశాడు. అంత తేలికైన బీరువాలో చీరలు పెడితే నిలుస్తుందా అని ఎర్రమ్మకు జాలేసింది, బీరువా మీద.

మూడు దాటాక ఒక ముసలాయన తోపుడుబండి మీద పాలిష్ లేని కుర్చీలు నాలుగు తెచ్చాడు. పసుప్పచ్చని చెక్క. ఒక్కో కుర్చీని ఇద్దరు పట్టి మూలుగుతూ దించారు. అవి తిన్నగా వెనక గదిలోకి పోయాయి. పొద్దున తను ధర అడిగిన అసలైన టేకు కుర్చీలు ఏ చెట్టువో ఎర్రమ్మకు అప్పుడు బోధపడింది.

ఆరవుతుండగా లేచి, చీర దులుపుకుని లోపలికి వెళ్ళింది. “ఇప్పుడెంతకిత్తావు బాబూ?”

వైకుంఠరావు పగలబడి నవ్వాడు. దుకాణంలో ఉన్న ఇద్దరు కొనుగోలుదార్లు కూడా నవ్వారు. “మావుసీ, ఇందుకా పొద్దుట్నుంచి కూర్చున్నావు? ఇది చేప కాదమ్మా, సాయంత్రానికి కుళ్ళిపోడానికి!”

“కుళ్ళిందీ సూసాను బాబూ,” అంది ఎర్రమ్మ, దుకాణమంతా వినబడేట్టు. “పదకొండింటికి ఆటోలో వచ్చింది. జిగురెట్టి, రంగేసి, అదిగో, ఎదరెట్టినావు. దుప్పటి తీసి సూపించమంటావేటి?”

కొనుగోలుదార్ల నవ్వు ఆగింది. ఒకాయన మంచం వైపు నడిచాడు. వైకుంఠరావు గల్లాపెట్టె వదిలి పరుగున వచ్చి, “అబ్బే, మావుసీ మనమనిషి, హాస్యం ఎక్కువ,” అని ఆయనకు నచ్చజెప్పి, ఎర్రమ్మ చెవిలో తొమ్మిది వేలన్నాడు. అంటే పొద్దువాలితే కుర్చీ ధర కూడా సగానికి పడుతుంది. తన లెక్క తప్పలేదని ఎర్రమ్మకు పరమానందమైంది. ఆ ఆనందం మూటగట్టుకుని, కుర్చీలు అక్కడే వదిలేసి, ఖాళీ తోపుడుబండి వెళ్ళిన సందు పట్టుకుని పోయింది.

ముసలాయన పేరు కాసులు. రేకుల షెడ్డులో రంపప్పొట్టు మధ్య చుట్ట కాల్చుకుంటున్నాడు.

“పనసచెక్కమ్మా,” అన్నాడు దాపరికం లేకుండా, కుర్చీల సంగతి అడిగితే. “పొలసరలో దూలం కొని రెండేళ్ళు ఆరబెట్టినాను. నీ మనవలు కూకుని నీ మనవల మనవల్ని తిట్టుకున్నా ఈ కుర్చీ కోళ్ళు కదలవు. ఆ వైకుంఠరావు టేకని సెప్పి అమ్ముకుంటాడు. నానేటి సేసేది, పొట్ట.”

“పాలిష్ నేకుండా ఇచ్చేయి. నూనె నాను రుద్దుకుంటాను.”

గంటసేపు బేరమాడి జత కుర్చీలు ఐదు వేలకు, షెడ్డులోనే ఉన్న పనస మంచమొకటి అంతకు ఇంకొంచెం పైకి తెంచింది. అవిసె నూనె ఎలా రుద్దాలో కాసులే చూపించాడు. ఎర్రమ్మ మూడు రోజులు, అరచేతులు బొబ్బలెక్కేదాకా రుద్దింది. కుర్చీలు తేనెరంగు తిరిగాయి. మసేను ఒకదాని మీద కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చున్నాడు. ఆ రోజంతా కుర్చీ వదల్లేదు.

గృహప్రవేశం నాడు భారతీదేవి ప్లాస్టిక్ పూలగుత్తి పట్టుకుని దిగింది. గుమ్మం దాటింది! వదిన మంచం కోడు తన్ని చూసింది. కదల్లేదు. కుర్చీ ఎత్తబోయింది. లేవలేదు. కుర్చీ చేతిమీద వేలు రాసి వాసన చూసింది. వంక కోసం గదంతా వెతికి అలిసిపోయింది.

“పరవాలేదే! వైకుంఠరావు కాడే కొన్నావా? నాను సెప్పబట్టి సరిపోయింది, నేకపోతేనా,” అంటూ చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చోవడానికి వంగింది. సగం వంగిన భారతీదేవి అక్కడే ఆగి అడిగింది. “ఎంత పడింది?”

మసేను వెనక నుంచి కళ్ళతో సైగ చేశాడు. ఇరవై వేలని ఒక్క ముక్క అంటే సరిపోయేది. కానీ మంచి బేరం కుదిరితే ఊరంతా వినబడేలా చెప్పుకోకపోతే ఎర్రమ్మకు తిన్నది అరగదు. “రెండు కుర్చీలూ కలిపి ఐదు వేలే ఒదినా! పాలిష్ నాదే!”

భారతీదేవి నడుము నిటారుగా లేచింది. కుర్చీ అదే. చెక్క అదే. ఇప్పుడే లేపబోయి లేపలేకపోయింది కూడా. అయినా మొహం ముడుచుకుని రెండడుగులు వెనక్కి వేసి, కొంగు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుంది. “ఐదు వేలా! అదీ సంగతి. కూకుంటే ఇరిగిపోతాదేటో. నాను నిలబడతానులే. అవతల ఆటో ఆగుంది.”

పద్దెనిమిదేళ్ళ అవమానం ఎర్రమ్మకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఏడుపొస్తుందనుకుంది. రాలేదు, కోపమొచ్చింది. ఈ మనిషి కూర్చోవాలనా తను రోజంతా మెట్ల మీద కూర్చున్నది, చేతులు పుళ్ళు చేసుకున్నది! ఆడపడుచు నిలబడి ఉండగా మరదలు కూర్చోవడం ఆ వాడలో ఎవరూ కనీవినీ ఎరగరు. చుట్టాలంతా చూస్తూనే ఉన్నారు.

ఎర్రమ్మ కుర్చీ తన వైపుకి లాక్కుంది. కూర్చుంది. కుర్చీ చేతుల మీద తన చేతులు పెట్టి, వీపు ఆన్చింది.

“అలాగే నిలబడు ఒదినా,” అంది. “టీ కూడా నిలబడే తాగు.”