గోడ వదులు

అటెన్షన్ సారు నా దగ్గరికి వచ్చి ఒక సాయం అడిగాడు. ఇన్నేళ్లలో అతను నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. చేస్తానన్నాను. ఎందుకన్నానో చెబుతాను.

మా బస్సు డిపోలో అతను సూపర్‌వైజరు. నేను హెడ్ మెకానిక్‌ని, అందరూ మేస్త్రి అంటారు. అతని అసలు పేరు జీతాల కాగితంలో తప్ప ఎక్కడా లేదు. ఎదురుగా సారు, వెనకాల అటెన్షన్.

పొద్దున మొదటి బస్సు గేటు దాటకముందు మైకులో జాతీయగీతం వేయడం మా డిపోలో ఆనవాయితీ. నేను చేరేసరికే ఉంది. అప్పట్లో దాని గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు. పాట మొదలయ్యేది, చేతిలో పానా చేతిలో ఉండగానే నిలబడేవాళ్లం, అయిపోయేది. తుమ్ము వస్తే ఆగినట్టు ఆగేవాళ్లం. ఎవరు లేచారు, ఎవరు లేవలేదు అని తల తిప్పి చూసిన పాపాన ఎవరూ పోలేదు.

తరవాత చూసే కాలం వచ్చింది. ఎక్కడో సినిమాహాల్లో లేవనివాణ్ని కొట్టారని పేపర్లో పడేది. అది చదివి మావాళ్లకీ కొత్తగా కళ్లు మొలిచాయి. పాట నడుస్తుంటే పక్కవాడి మోకాళ్లు చూసేవారు. వాడు వంగాడు, వీడు గోక్కున్నాడు. ఆ కాలానికి అచ్చు గుద్దినట్టు సరిపోయిన మనిషి మా సూపర్‌వైజరు. అటెన్షన్ అన్న పేరు అప్పుడే పడింది. బస్సు కింద గుంతలో దిగి పనిచేసేవాడు కూడా పైకెక్కి నిలబడాలన్నాడు. పాట ఆగేదాకా ఎవడూ కదలకూడదు, మాట్లాడకూడదు అన్నాడు. ఒకసారి ఎలక్ట్రీషియన్ పాట మధ్యలో చెయ్యి చాపి చప్పుడు తగ్గించబోయాడు. ఆ రోజంతా సారు అతన్ని ఎండలో నిలబెట్టాడు. అప్పట్నుంచి ఎలక్ట్రీషియన్ పాట పెట్టగానే స్విచ్చుకి దూరంగా జరిగి, చేతులు తొడలకి అంటించుకుని నిలబడేవాడు. కాలిన చెయ్యి మళ్లీ పొయ్యి జోలికి పోదు.

మా ఆవిడ అదే డిపోలో సీట్లు కుట్టేది. చిరిగిన రెగ్జిన్ విప్పి, కొత్తది తొడిగి, దబ్బనంతో కుట్టేది. ఆమె వేసిన కుట్టు ఊడగా నేను చూడలేదు. కూర్చోవడానికి పొట్టి స్టూలు నేనే చేసిచ్చాను, విరిగిన సీటు కాళ్లు కోసి. దాని మీద మెత్త మిగిలిన ముక్కలతో తనే కుట్టుకుంది, సగం ఆకుపచ్చ, సగం ఎరుపు.

"రాణిగారి సింహాసనం రెండు రంగుల్లో ఉంటుందా?" అన్నాను.

"రాజుగారికి మోచేతుల దాకా గ్రీజు కారుతుంటే రాణికి రంగుల పట్టింపేంటయ్యా" అంది.

కిడ్నీలు చెడ్డాయని అప్పటికి మాకు తెలియదు. కాళ్లు వాచేవి. సాయంత్రం చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికి నడిచేది.

ఒక పొద్దున నేను దారిలో ఆగిపోయిన బస్సు దగ్గరికి వెళ్లాను. ఆ పొద్దున పాటకి ఆమె లేవలేదు. సీట్ల గది గుమ్మంలో స్టూలు మీదే ఉండిపోయింది. పాట అయ్యాక అటెన్షన్ సారు వచ్చాడు. కాళ్లు చూపించింది. అతను చూడలేదు. క్యాసెట్టు వెనక్కి తిప్పమన్నాడు. డిపో అంతా చూస్తుండగా, ఆమె ఒక్కదాని కోసం పాట మళ్లీ వేయించాడు. ఆమె లేచి గోడకి చెయ్యి ఆనించింది.

"గోడ వదులు" అన్నాడు.

వదిలింది. పాట అయ్యేదాకా నిలబడింది.

ఇది నాకు చెప్పింది ఎలక్ట్రీషియన్. క్యాసెట్టు తిప్పిన చెయ్యి అతనిదే. మిగతావాళ్లు ఆ మధ్యాహ్నం నా మొహం చూడలేదు. మా ఆవిడ సగంలో ఉన్న సీటు పూర్తిగా కుట్టి, దారం కొరికి, సూదులు డబ్బాలో పెట్టి ఇంటికి వచ్చేసింది. నేను అతని మీదికి పోబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "నేను ఎలాగూ ఉద్యోగం మానేశాను. నీది కూడా పోతే మందులెక్కణ్నుంచి తెస్తావు? కూర్చో" అంది. కూర్చున్నాను. ఏడాది తిరక్కుండా ఆమె పోయింది. డాక్టర్లు కిడ్నీలన్నారు. నేను కాదనను. కానీ ఆ ఏడాదంతా ఆమె గడప దాటకపోవడానికి కారణం కిడ్నీలు కావు.

అప్పట్నుంచి అతనితో పని మాట తప్ప వేరే మాట లేదు. బ్రేకు అయిందా? అయింది. అంతే.

కాలం మళ్లీ తిరిగింది. కొత్త మేనేజరు వచ్చాడు. నిలబడటం ఎవరిష్టం వాళ్లది, బస్సులు మాత్రం ఆలస్యం కాకూడదన్నాడు. మొదట ఒకడు కూర్చున్నాడు. అటూ ఇటూ చూసి ఇంకొకడు. చూస్తుండగానే పాట నడుస్తుంటే టీ తాగడం, చెవుల్లో తీగలు పెట్టుకుని పక్కనుంచి నడిచిపోవడం మామూలైపోయింది. బలవంతపు గౌరవం గౌరవమే కాదని క్యాంటీన్‌లో గొంతు చించుకునేవారు. మా ఆవిడ గోడ వదులుతుంటే కిక్కురుమనకుండా నిలబడ్డవాళ్లలో సగంమంది వీళ్లే. అప్పుడు భయంతో నిలబడ్డారు, ఇప్పుడు బద్ధకంతో కూర్చున్నారు. దీన్ని మనసు మారడం అనడానికి నాకు నోరు రాదు.

నేను మాత్రం లేస్తూనే ఉన్నాను. మా ఊరి బడిలో పంతులు అలా నేర్పాడు. సారు మీద కోపం పాట మీద చూపించను. చివరికి క్యాసెట్టు మెషీను పాడైంది. బాగుచేయించమని ఎవరూ అడగలేదు.

అలాంటప్పుడు అటెన్షన్ సారుకి రిటైర్మెంటు వచ్చింది. షుగరుతో అతని కాలి వేళ్లు కొన్ని తీసేశారు. కర్ర పట్టుకుని గుంత అంచు దాకా వచ్చాడు. నేను కింద ఉన్నాను. నాకు కనిపించింది అతని కాలి కట్టు మాత్రమే.

"మేస్త్రీ, ఒక మాట. పైకి వస్తావా?"

"గేరుబాక్సు విప్పి ఉంది. ఇక్కడికి వినిపిస్తోంది, చెప్పండి."

కాసేపు కర్ర నేల మీద గీకింది. "రేపు నా ఆఖరి రోజు. పాట పెట్టించుకుంటాను. మునుపటిలా అందరూ నిలబడితే అది చూసుకుని వెళ్లిపోతాను. ఇంకేమీ అక్కర్లేదు. నేను చెబితే ఎవడూ వినడు. నువ్వు చెబితే వింటారు."

"మేనేజరుగారికి చెప్పండి."

"ఆయన కేకు తెప్పిస్తానన్నాడు. షుగరు మనిషికి కేకు." నవ్వుతానేమోనని ఆగాడు. నేను నవ్వలేదు.

పానా కింద పెట్టి చేతులు తుడుచుకున్నాను. "అందరినీ నిలబెడతాను. ఒకటే షరతు. మీరూ మునుపటిలాగే నిలబడాలి. కర్ర లేకుండా. దేనికీ ఆనుకోకుండా."

కట్టు ఉన్న కాలు అంచు నుంచి వెనక్కి జరిగింది.

"నీ భార్య సంగతి ఇంకా మనసులో పెట్టుకున్నావు" అన్నాడు.

"మరెక్కడ పెట్టుకోమంటారు?"

"అప్పటి రోజులు అలాంటివి మేస్త్రీ."

"రోజులు క్యాసెట్టు తిప్పించలేదు."

కర్ర మళ్లీ గీకింది. "సరే. నిలబడతాను. కాస్తసేపేగా" అని వెళ్లిపోయాడు. అతను ఒక్కసారైనా గోడ కోసం చెయ్యి చాపాలి, నేను చూడాలి. నాకు కావలసింది అదే.

మావాళ్లకి చెప్పాను. టైర్లు మార్చేవాడు పళ్లికిలించాడు. "ఏంటి మేస్త్రీ, ఆయన మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టుకొచ్చింది?"

"ఇవాళే."

"కేకు ఉందటగా?"

"నిలబడ్డవాళ్లకే."

"అయితే నిలబడదాం. కాళ్లు మనవే, కేకు వాళ్లది" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. పాట ఆగేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదు, మునుపటి పద్ధతే అని గట్టిగా చెప్పాను. సరేనన్నారు.

ఒప్పుకోనిది సీట్లు కుట్టే అమ్మాయి ఒక్కతే. ఇద్దరు పిల్లల తల్లి. మా ఆవిడ పని ఇప్పుడు ఆమెది, స్టూలు కూడా ఆమెదే. నన్ను బాబాయ్ అంటుంది.

"నేను రాను బాబాయ్. పిన్ని సంగతి నేనూ విన్నాను. ఆయన కోసం నేనెందుకు నిలబడాలి? మీరెలా ఒప్పుకున్నారో నాకర్థం కావడం లేదు."

"రాకపోతే మానెయ్" అన్నాను.

మెషీను పాడైంది కాబట్టి ఎలక్ట్రీషియన్ ఒక బస్సులోంచి పాటల పెట్టె విప్పుకొచ్చి మైకుకి తగిలించాడు. "మోగుతుందా?" అని అడిగితే, "బస్సులో మోగింది, ఇక్కడ మోగడానికి రోగమా మేస్త్రీ" అన్నాడు.

మర్నాడు పొద్దున అందరూ ఆవరణలోకి వచ్చారు. గుంతలోవాళ్లు పైకెక్కారు. అటెన్షన్ సారు ఇస్త్రీ చొక్కాలో వచ్చి బస్సు ముందు నిలబడ్డాడు. వరసలన్నీ ఒకసారి చూసుకున్నాడు. కర్రను బస్సుకి ఆనించి, ఒక అడుగు ముందుకి వేశాడు. నేను అతనికి ఎదురుగా నిలబడ్డాను.

పాట మొదలైంది. ఎలక్ట్రీషియన్ పాత అలవాటుగా స్విచ్చుకి దూరంగా జరిగి, చేతులు తొడలకి అంటించాడు. ఒక్కరూ కదల్లేదు. సారు బాగానే నిలబడ్డాడు, ఆ మాట ఒప్పుకోవాలి. పాట అయింది. ఊపిరి వదిలి కర్ర కోసం చెయ్యి చాపాడు.

పాట మళ్లీ మొదలైంది.

నాకు వెంటనే అర్థమైంది. అది బస్సు పెట్టె. బస్సులో ఊరు వచ్చేదాకా పాట తిరుగుతూనే ఉండాలి. అందుకే అయిపోగానే మళ్లీ మొదటికి వచ్చేలా ఎప్పుడో పెట్టి ఉంచారు. ఎలక్ట్రీషియన్ ఆ సంగతే మరిచిపోయాడు. మొహం పాలిపోయి ముందు సారు వైపు, తరవాత నా వైపు చూశాడు. ఇద్దరిలో ఎవరు తల ఊపినా వెళ్లి ఆపేసేవాడు. అటెన్షన్ సారు చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని నిటారుగా అయ్యాడు. తన రూలు తానెలా తప్పుతాడు? నేను తల ఊపలేదు.

రెండోసారి సగానికి వచ్చేసరికి అతని మోకాలు ఆడుతోంది. చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. కాలి కట్టు మీద ఎర్రగా మరక లేచింది. చెయ్యి నెమ్మదిగా బస్సు వైపు జరిగింది. నేను ఆ చేతినే చూశాను. అతను నన్ను చూశాడు. చెయ్యి ఆగింది. మళ్లీ తొడ దగ్గరికి వచ్చింది.

పాట మూడోసారి మొదలైంది. నేను నిలబెట్టిన వరసలు నిలబడే ఉన్నాయి. అందరికీ కనిపిస్తోంది, ఎవరూ కదలడం లేదు. ఆ పొద్దున మా ఆవిడకి వీళ్ల మొహాలు ఇలాగే కనిపించి ఉంటాయి. ఈసారి ఆ మొహాల్లో నాది కూడా ఉంది.

సీట్ల గది తలుపు చప్పుడైంది. ఆ అమ్మాయి స్టూలు పట్టుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ ఆవరణ మధ్యనుంచి నడిచి వచ్చింది. స్టూలు అతని వెనక పెట్టింది.

"కూర్చోండి సార్."

అతను నా వైపు చూశాడు.

"ఆయన్నెందుకు చూస్తారు? కాలు మీది. కూర్చోండి."

భుజం పట్టి కూర్చోబెట్టింది. పాట నడుస్తూనే ఉంది. అతను సగం ఆకుపచ్చ, సగం ఎరుపు మెత్త మీద కూర్చునే ఉన్నాడు. ఎవరూ లేవమనలేదు. ఆమె మైకు దగ్గరికి వెళ్లి తీగ పట్టి లాగేసింది.

తరవాత కేకు కోశారు. అటెన్షన్ సారు తినలేదు. నాతో మాట్లాడలేదు. ఎవరో అతన్ని ఆటోలో ఎక్కించారు. ఎలక్ట్రీషియన్ వచ్చి, "కావాలని చెయ్యలేదు మేస్త్రీ, ఒట్టు" అన్నాడు. "నేను అడిగానా?" అన్నాను.

సీట్లు కుట్టే అమ్మాయి స్టూలు కాళ్ల మీద మరకలు తుడుస్తూ కూర్చుంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఒక్క మాట అంటే ఆగిపోయేది కదా బాబాయ్?"

"పాట ఆగేదాకా మాట్లాడకూడదు. ఆ రూలు అతనిదే."

"పిన్ని అక్కడ ఉంటే ఏం చేసేది?"

ఆ స్టూలు ఎవరు తెచ్చి వేసేవారో నాకు తెలుసు. అతను దాని మీద కూర్చోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. మా ఆవిడ కూడా అతన్ని కూర్చోనిచ్చేదన్న సంగతి అసలే మింగుడు పడలేదు.

"పిన్ని లేదు కదమ్మా" అన్నాను.

గుంతలోకి దిగాను. గేరుబాక్సు ఇంకా విప్పే ఉంది.