ఆ పొద్దు కుండ పలకలేదు

వారమంతా నంద్యాలలో షావుకారు గోదాములో పని. శనివారం సాయంత్రం బస్సెక్కి ఆళ్లగడ్డకు. ఆదివారం చర్చి, ఇంటికొచ్చి మాంసం కూర, సోమవారం తెల్లారి మళ్లీ నంద్యాల బస్సు. ప్రభుదాసు బతుకు ఇట్లా ఒక గాడిలో నడిచిపోతుండేది.

కూర వండేది అత్త నుంచి అతని భార్య లూదియాకు వచ్చిన మట్టికుండలో. ఆ కుండలో ఏ మాంసం వేసినా, తొలి పొంగు వచ్చేటప్పుడు ఆ జీవం ఒక్కసారి గొంతు విప్పేది. మేకయితే మేక, కోడయితే కోడి. ఒక్కసారే. తర్వాత మామూలు కూరే. వీధిలో వాళ్లకు అదేం వింత కాదు. మాంసం దుకాణం దస్తగిరి ముసలి గొర్రెను మేకపిల్ల అని చెప్పి ఊళ్లో ఎవరికైనా అంటగట్టేవాడు గాని, లూదియాకు మాత్రం సరైన సరుకే ఇచ్చేవాడు. “మీ ఇంట్లో అది నోరు తెరిస్తే నా పరువు పోతాదమ్మా” అని నవ్వేవాడు.

పక్కిల్లు యశోదమ్మది. మొగుడు పోయినాక కూలికి పోయి ఒక్కగానొక్క కూతురు రాహేలును చదివించింది. ఆ పిల్ల ఇప్పుడు నంద్యాలలో ఒక హాస్టల్లో ఉండి టీచరు ట్రైనింగు చేస్తాంది. ఇంకొక్క ఏడాది గడిస్తే యశోదమ్మ కొడవలి పక్కన పెట్టొచ్చు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రెండేండ్లకు, నవంబరులో ఒక శనివారం ప్రభుదాసు సంచిలోంచి ఒక డబ్బా తీసి పొయ్యిగట్టు మీద పెట్టినాడు. డబ్బా చుట్టూ తళతళలాడే కాగితం. పచ్చగడ్డిలో తెల్ల గొర్రె బొమ్మ. కింద ‘శ్రేష్ఠమైన గొర్రె మాంసం’ అని తెలుగు అక్షరాలు.

“దొరల దేశంలో వండి డబ్బాలో పెట్టినారు. ఓడలో వచ్చింది. ఊరికే వేడి చేస్తే చాలు” అన్నాడు గొప్పగా.

ఆ కాగితం అంటించింది అతనే. సరుకు మద్రాసు నుంచి వచ్చినప్పుడు డబ్బాలు తుప్పు పట్టి ఉన్నాయి. కొన్నింటి మూతలు ఉబ్బి ఉన్నాయి. పాత కాగితాలు చెమ్మకు కుళ్లిపోయి, వాటి మీద ఏ దేశపు రాతో ఎవరికీ తెలియలేదు. తుప్పు గీకడం, మూత మీద ఒత్తిన అంకెలు ఉప్పుకాగితంతో అరగదీయడం, మైదా గంజి పూసి కొత్త కాగితం చుట్టడం ప్రభుదాసు పని. అంకెల చివర 46 అని ఉంటే అతను అడిగినాడు కూడా. “అది సంవత్సరం గాదప్పా, ఓడ నంబరు” అన్నాడు షావుకారు. అడిగింది తనే, సరేలే అనుకున్నదీ తనే.

ఆదివారం చర్చి నుంచి వచ్చినాక లూదియా ఎర్రగడ్డలు వేయించి డబ్బా కుండలో వంచింది. వాసన బాగానే ఉంది. యశోదమ్మ గిన్నె పట్టుకొని కూర కోసం వచ్చి వాకిట్లో కూచుంది. పొంగు వచ్చింది. ముగ్గురూ చెవులు రిక్కించినారు. కుండ పలకలేదు. లూదియా మంట ఎగదోసింది. మళ్లీ పొంగింది, గలగలా ఉడికింది, అంచుల మీదికి కారింది. చిన్న మూలుగు కూడా లేదు.

“పలకలేదే మే” అనింది యశోదమ్మ.

“సముద్రం దాటొచ్చింది గదా, దానికి మన బాస యాడొస్తాది?” అన్నాడు ప్రభుదాసు. ఎవరూ నవ్వలేదు.

“గొర్రెకు యా దేశమైనా ఒకటే బాస” అనింది లూదియా. “చచ్చి ఎన్నేండ్లయిందో. గొంతు గూడా కుళ్లిపోయింది.”

ఆమె కుండ దించి, ఇంటి వెనక గుంత తీసి, కూరంతా పోసి మట్టి కప్పింది. యశోదమ్మ ఖాళీ గిన్నెతో పోయింది. ఆ పూట అందరూ చింతపండు గొజ్జుతో తిన్నారు.

“ఆ డబ్బాలకు కాగితాలంటించే పని మానుకో” అనింది లూదియా చేతులు కడుక్కుంటా.

“నేను మానితే ఇంగొకడు అంటిస్తాడు.”

“అంటించనీ. నీ చెయ్యి వద్దు.”

“మానేసి ఏం జేయాల? కరువు ఇప్పుడిప్పుడే తీరతాంది. ఈడ పని ఎవరిస్తారు?”

సోమవారం అతను షావుకారుతో చెప్పినాడు, కుండ పలకలేదని. షావుకారు, “మీ ఊరి కుండ మీ ఊరి మేకలకు. నీకిష్టం లేకుంటే చెప్పు, వాకిట్లో పదిమంది ఉండారు” అన్నాడు. ప్రభుదాసు గంజి గిన్నె ముందు కూచున్నాడు.

క్రిస్మసు దాటినాక ఒక పొద్దు గోదాము ముందు బండి ఆగింది. డబ్బాలు ఎత్తుతా ప్రభుదాసు బండివాన్ని అడిగినాడు, “యాడికి?”

“ఆడపిల్లల హాస్టలుకు. వార్షికోత్సవమంట.”

అతనికి రాహేలు గుర్తొచ్చింది. హాస్టలు ఎంతో దూరం లేదు, రెండు వీధులవతల. పోయి ఒక మాట చెప్పి రావచ్చు. షావుకారు గుమ్మంలో నిలబడి చూస్తాండాడు. బండి కదిలింది. సాయంత్రం పోదాంలే అనుకొని ప్రభుదాసు ఇంకో డబ్బా అందుకున్నాడు. సాయంత్రం అతను పోయేసరికి పిల్లలు తిని చేతులు కడుక్కుంటున్నారు. రాహేలు అతన్ని చూసి, “బాగుండావా చిన్నాయనా? అమ్మ బాగుందా?” అని అడిగింది. బాగుందమ్మా అని చెప్పి వచ్చేసినాడు.

మరుసటి పొద్దుకు హాస్టల్లో సగం మంది ఆసుపత్రిలో ఉన్నారు. చాలామంది కోలుకున్నారు. రాహేలు కోలుకోలేదు. మొదట చూపు చెదిరింది, తర్వాత మాట పడిపోయింది, ఆఖరికి ఊపిరి ఆడలేదు. యశోదమ్మ బస్సు దిగేసరికి తెల్లగుడ్డ కప్పినారు.

పోలీసులు గోదాముకు వచ్చినారు. సరుకు మంచిదేనని నమ్మి కొన్నానని షావుకారు చెప్పినాడు. అంకెలు చెరిపింది ఎవరంటే ప్రభుదాసును చూపించినాడు. ఉప్పుకాగితం ప్రభుదాసు చేతిలోనే ఉంది.

నంద్యాల కోర్టులో అతని తరఫు వకీలు లూదియాను పక్కకు పిలిచి చెప్పినాడు. “చూడమ్మా, నీ మొగుడు అది మంచి మాంసమే అనుకున్నాడని తేలితే బయటపడతాడు. మీ కుండ సంగతి ఆళ్లగడ్డంతా ఎరుగును, జడ్జి దొరగారికీ తెలుసు. ఆ పొద్దు కుండ పలికిందని చెప్పు. అంతే చాలు.”

“యశోదక్క ఉండె గదయ్యా ఆడ.”

“ఆమె ఏమీ చెప్పనంది. నోరే తెరవడం లేదు. నీ మాటే మిగిలింది.”

లూదియా బోనెక్కింది. ప్రభుదాసు అవతల చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. గోళ్ల సందుల్లో ఇంకా మైదా గంజి ఎండి తెల్లగా ఉన్నట్టు ఆమెకు అనిపించింది. బెంచీ మీద యశోదమ్మ నేల చూస్తా కూచొని ఉంది.

“ఆ దినం కుండ పలికిందా?” అని అడిగినాడు వకీలు.

పలికింది అనే మాట నాలుక కొనదాకా వచ్చింది. మొగుడి ముఖం చూసింది. అతను తల అడ్డంగా ఊపలేదు, నిలువునా ఊపలేదు. కళ్లు మూసుకున్నాడు.

“పలకలేదు. మేము తినలేదు. మట్టిలో పూడ్చినాం. ఆయనకు తెలుసు” అనింది.

దొరగారు కలం తీసుకొని రాసుకున్నారు.

ప్రభుదాసుకు శిక్ష పడింది. షావుకారుకు జుల్మానా వేసినారు, కట్టి ఇంటికి పోయినాడు. పోలీసులు తీసుకుపోయేటప్పుడు ప్రభుదాసు భార్య దగ్గర ఒక్క క్షణం ఆగి, “మంచి పని చేసినావు” అన్నాడు. ఆ మాట తిట్టో మెప్పో లూదియాకు తెలియలేదు.

ఆళ్లగడ్డ బస్సులో ఒక్క సీటే ఖాళీ, యశోదమ్మ పక్కన. లూదియా నిలబడింది. సిరివెళ్ల దాకా నిలబడే ఉంది. అక్కడ బస్సు ఊగితే పడబోయింది. యశోదమ్మ చెయ్యి పట్టుకొని లాగి కూచోబెట్టింది.

“నువ్వు పలికిందని చెప్పింటే బాగుండు మే” అనింది యశోదమ్మ. “నిన్ను తిట్టుకుంటా అయినా బతికేదాన్ని. ఇప్పుడు ఎవర్ని తిట్టాల నేను? ఆ పొద్దు కుండ పలకలేదని నాకూ తెలుసు గదా.”

బస్సు ఆళ్లగడ్డలో ఆగినాక, ఇద్దరూ దిగి ఒకే వీధిలోకి నడిచినారు.