వదిన చెప్పిన లెక్కలు

లెక్కల టీచరమ్మకు పాఠం చెప్పకుండా ఉండడం చేతకాదు. అదే కొంప ముంచింది.

బడి గేటు బయట పంతుళ్లంతా టార్పాలిన్ కింద కూర్చుని వారాలు గడిచాయి. చాలీచాలని జీతం ఒక ఎత్తు, కరస్పాండెంటు పిల్లల ముందే వాళ్లను "ఏయ్, ఇటు రా" అని పిలవడం మరో ఎత్తు. వాళ్ల ధైర్యమల్లా ఒక్కటే. పదో తరగతి పరీక్షలు ముంచుకొస్తున్నాయి, ఆ లెక్కలు టీచరమ్మలా చెప్పేవాళ్లు ఇంకెవరూ దొరకరు. యాజమాన్యం దిగిరాక ఏం చేస్తుంది? సమ్మె నడిపే సైన్సు మాస్టారు రోజూ అదే అనేవాడు. "మన బ్రహ్మాస్త్రం నువ్వేనమ్మా."

బ్రహ్మాస్త్రానికి మాత్రం నోరు కట్టేసినట్టు ఉండేది. అందుకే ఓ సాయంత్రం ఆడపడుచు వచ్చి, "వదినా, పక్కింటి పిల్ల నన్ను చంపుకు తింటోంది. ఈ లెక్క మొద్దు బుర్రకు కూడా ఎక్కాలంటే ఎలా చెప్పాలి?" అని అడిగితే పొంగిపోయింది. ఆడపడుచు టీచరు ట్రైనింగు చేసి, ఉద్యోగం రాక ఇంట్లో కూర్చున్న పిల్ల. టీచరమ్మ పెళ్లయి వచ్చిన కొత్తలో వదిన చేతే జడలు వేయించుకునేది.

"సమానం గుర్తును గడప అనుకోమను. గడప దాటిన అంకె చొక్కా మార్చుకోవాలి. ప్లస్ మైనస్ అవుతుంది."

పిల్లలు ఎక్కడ తప్పుతారో, వెనక బెంచీవాళ్లను ఏ ప్రశ్నతో కదిలించాలో, అంతా ఒలిచి చేతిలో పెట్టింది. రోజుకో పాఠం. పక్కింటి పిల్లకు వెనక బెంచీ ఎక్కడిదని ఒక్కసారైనా అనుకోవద్దూ? అనుకోలేదు మహాతల్లి.

ఓ మధ్యాహ్నం పదో తరగతి పిల్ల గేటు సందులోంచి పిలిచింది. "టీచర్, మా గురించి బెంగపడకండి. కొత్త టీచరు అచ్చం మీలాగే చెబుతున్నారు. గడప, చొక్కా, అన్నీ."

టీచరమ్మ బడి వదిలేదాకా వెనక గేటు దగ్గర నిలబడింది. తెరలు దించిన వ్యాను ఎక్కబోతూ ఆడపడుచు ఆమెను చూసి తల దించుకుంది.

"ఎందుకు చేశావే ఇలా?"

"నాకూ ఉద్యోగం కావాలి కదా వదినా." వ్యాను మెట్టు మీద కాలు పెట్టి, "నీ దగ్గర అడిగి నేర్చుకోమన్నది అన్నయ్యే. బడి వాళ్లతో మాట్లాడి పెట్టిందీ తనే" అంది.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట. రోజూ పొద్దున్నే నీళ్ల సీసా నింపి చేతికిచ్చి, "గట్టిగా నిలబడండి, వాళ్లే దిగొస్తారు" అని సాగనంపిన మొగుడు! ఆ మాట ఏ నోటితో అన్నాడో. ఆడపడుచు మీద కోపం వచ్చింది కానీ, మొగుడి సంగతి వినగానే కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేకపోయింది.

టార్పాలిన్ కిందికి వచ్చేసరికి అందరి మొహాలూ వాడిపోయి ఉన్నాయి. పాఠాలు భేషుగ్గా సాగుతున్నాయి, ఇక చర్చలేమీ లేవు, కావాలంటే పాత జీతానికే రావచ్చు అని లోపలినుంచి కబురొచ్చింది.

"ఆ లెక్కలు చెబుతున్నది ఎవరో తెలిసిందా అమ్మా?" అన్నాడు సైన్సు మాస్టారు.

ఆడపడుచని చెబితే సరిపోయేది. మొగుడి మీద తోసేసినా ఎవరూ కాదనరు.

"నేనే మాస్టారూ. రోజూ సాయంత్రం మా ఇంట్లో కూర్చుని, మీ అందరి నోటి దగ్గరి కూడు నేనే లాగేశాను."

పరాచికమనుకుని నవ్వారు. ఆమె మొదటినుంచీ అంతా చెప్పింది. విన్నాక సైన్సు మాస్టారు లేచి, ఆమెకు దూరంగా చాప అటు చివరికి వెళ్లి కూర్చున్నాడు.