టాపు మీద ఇంకా ఒకరున్నారు

కురుమయ్య పొద్దున లేవగానే చాయ్ గ్లాసు పట్టుకుని దొడ్లోకి పోతాడు. అక్కడ కుక్కి మంచం మీద కూర్చుని చిక్కుడు పాదును చూస్తూ చాయ్ తాగుతాడు. పాదును చూస్తున్నాడని వాడకట్టంతా అనుకుంటుంది కానీ, భార్య జంగమ్మకు తెలుసు. ఆయన చూసేది పాదు కింద ఉన్న ఇనుప క్యారియర్‌ని.

ఆ క్యారియర్ ఒకప్పుడు ఆయన నడిపిన జీపు నెత్తిమీద ఉండేది. కల్వకుర్తి నుంచి జొన్నలబండ దాకా, బస్సు మొహం చూడని ఊళ్ల మీదుగా ఆ జీపు తిరిగేది. లోపల ఇరికినంతమంది ఇరికాక మిగిలినవాళ్లు టాపెక్కేవాళ్లు. మేకలు, కోళ్లు, పల్లికాయ బస్తాలు, బాజాలవాళ్లు, ఒకసారి బాసింగం కట్టుకున్న పెండ్లికొడుకు కూడా. టాపు మీది లోకానికి దాని మర్యాదలు దానికుండేవి. దిగాల్సిన చోటు రాగానే అరచేత్తో రేకు మీద ఒక్క దెబ్బ కొట్టాలి, జీపు ఆగుతుంది. దిగి, సామాను దించుకుని, జీపు డొక్క మీద రెండు దెబ్బలు కొట్టాలి, జీపు కదులుతుంది. ఆ రెండు దెబ్బలు పడందే కురుమయ్య గేరు వేసేవాడు కాదు. "నా బండెక్కినోళ్లు వాళ్ల జాగల దిగకుంట పోలె" అని ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఇంత వయసుకు ఆయన కూడబెట్టుకున్నది ఆ ఒక్క మాటే.

తెలంగాణ వచ్చింది. ఆ దారికి తారు పడింది. ఆటోలొచ్చాయి, వెనకే బస్సొచ్చింది, ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కూడా అయింది. జీపు ముసలిదై తుక్కు కిందికి పోయింది. తుక్కువాడు వచ్చిన రోజున కురుమయ్య క్యారియర్‌ను గట్టిగా పట్టుకుని, "జీపు పోతే పోనీ, దాని నెత్తి మాత్రం ఇయ్య" అన్నాడు. ఊరికే ఉండే ఇనుముకు ఏదో ఒక పని ఉండాలని జంగమ్మ దాని మొదట్లో రెండు చిక్కుడు గింజలు పెట్టింది.

వాళ్ల కొడుకు నవీన్‌కుమార్ బోరు మోటర్లు బాగుచేస్తాడు. మోటరు కాలిందంటే గుట్టల నడుమ పొలానికి పోవాలి, పైపులన్నీ పైకి గుంజాలి. అందుకని ఈ మధ్యే సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫోర్‌వీల్ జీపు కొన్నాడు. రాళ్లలోనైనా రేగడి బురదలోనైనా మొండికేయని బండి. దానికున్న లోపమల్లా ఒకటే, టాపు మీద క్యారియర్ లేదు. పైపులూ, మోటరును గుంజే మూడు కాళ్ల ఇనుప స్టాండూ ఎక్కడ పెట్టాలి?

"ఫోన్ల జూడు నాయినా, నల్లగ ఎంత మంచిగుందో. తుప్పు గూడ పట్టదంట" అని నవీన్ కొత్త క్యారియర్ బొమ్మ చూపించాడు.

కురుమయ్య ఫోన్ వంక తిరిగి కూడా చూడలేదు. "సంకల పిల్లను పెట్టుకొని ఊరంత దేవులాడినట్టుంది నీ కథ. దొడ్లకు పో."

"జర ఆగుండ్రి, కాయలన్న తెంపనియ్యిండ్రి" అని జంగమ్మ చాట పట్టుకుని ముందు నడిచింది.

వెల్డింగు పని చేసే పెద్దులు టేపు పెట్టి కొలిచి నోరు చప్పరించాడు. పాత జీపుకు టాపు అంచున వాననీళ్లు జారే గాడి ఉండేది. క్యారియర్ కాళ్లు ఆ గాడిని పట్టుకుని నిలబడేవి. కొత్త బండికి టాపు నున్నగా ఉంది. పైగా క్యారియర్ జానెడు వెడల్పు ఎక్కువైంది. "నడిమికి కోసి అతికిద్దాం" అని పెద్దులు కోతమిషను ఆన్ చేసి ఇనుముకు ఆనించాడో లేదో, క్యారియర్ మీద ఠపాఠపా దెబ్బలు పడ్డాయి. పెద్దులు మిషను ఆపేశాడు.

"ఒప్పుకుంటలేరే" అన్నాడు.

"ఎవలు?" అన్నాడు నవీన్.

"ఇంకెవలు, టాపు మీదోళ్లు. కొయ్యను తియ్, కాళ్లే లోపలికి వంచుత."

అలాగే చేశాడు. కొత్త ఇనుప పట్టీలు వంచి కాళ్లకు అతికించాడు. టాపుకు బెజ్జాలు కొట్టి, లారీ ట్యూబు కోసిన రబ్బరు ముక్కలు కింద పెట్టి బోల్టులు బిగించాడు. బెజ్జాల చుట్టూ గమ్ము పూశాడు. గమ్ము ఆరినాక జంగమ్మ బిందెడు నీళ్లు టాపు మీద గుమ్మరించి, లోపల కూర్చుని నెత్తి తడుముకుని, "కారుతలేదు" అంది. గాలికి ఈల వేయకుండా క్యారియర్ ముందు పైపుకు కొబ్బరి తాడు చుట్టారు. కురుమయ్య తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. రమ్మని ఆయన్ను ఎవరూ పిలవలేదు.

బండి జొన్నలబండ దారి పట్టింది. తాళ్ల మూల రాగానే నెత్తిమీద ఠప్పుమని ఒక దెబ్బ. నవీన్ బ్రేకు తొక్కాడు.

"ఎవలు నాయినా?"

"గాజుల సప్పుడు ఇనలేదా? నర్సింగమ్మ."

నర్సింగమ్మ అక్కడే, తన ఇంటి అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతోంది. జీపు వంక చూసి, "అగో, నేనే దిగుతున్న. మెల్లగ దిగు, గాడ గుంతుంది" అని తనకు తానే జాగ్రత్త చెప్పుకుంది. అప్పట్లో గుంత ఉండేది మరి. డొక్క మీద రెండు దెబ్బలు పడ్డాయి. నర్సింగమ్మ చాటలోకి తల వంచుకుంది, జీపు కదిలింది.

పాత బాయి దగ్గర పడిన దెబ్బలో ఉంగరం చప్పుడుంది. అక్కడ నిర్మలమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆమె పెనిమిటి పోయి చాలా ఏండ్లయింది. "ఇయ్యాల జల్ది వచ్చినవ్" అంది ఆమె దారి వంక చూస్తూ. కురుమయ్య చొక్కా అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. ఎన్నాళ్లకు ఆయనకు తన మనుషులు దొరికారు! ఒక్కొక్క దెబ్బ వింటూ పేరు చెబుతున్నాడు, పేరుతోపాటు ఇంటిపేరు, వాళ్లు మోసుకొచ్చే సామాను, బేరమాడే తీరు. మోకాళ్ల నొప్పుల సంగతి ఆయనకు ఆ రోజు గుర్తే రాలేదు.

ఆడపిల్లల హాస్టల్ బడి గేటు ముందు ఇంకో దెబ్బ పడింది. బండి ఆగింది. ఆగినది ఆగినట్టే ఉంది. రెండు దెబ్బలు పడలేదు.

"ఎవలు?"

కురుమయ్య చెవి టాపుకు ఆనించాడు. "చిన్న చెయ్యి. ఆడపిల్ల. ఎవలో తెలుస్తలేదు."

నవీన్ తాళం తిప్పాడు. ఇంజను గురగురమని ఊరుకుంది. రివర్సు వేస్తే మాత్రం బుద్ధిగా వెనక్కి పోయింది. ముందుకు అంగుళం కదలదు. చివరికి వెనక్కి తిరిగి, వాగు దారిలో చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది.

అది మొదలు రోజూ ఇదే తంతు. గేటు కాపలా జానమ్మను అడిగితే, "మా కాడ పిల్లలందరు లెక్కకు సరిగున్నరు. ఆదివారాలు పెద్దోళ్లకు పదో తరగతి చెప్తరు, వాళ్లు గూడ సరిగనే ఉన్నరు" అంది. ఒకరోజు జంగమ్మే వచ్చింది. జీపుకు నిచ్చెన వేసి, సజ్జరొట్టె పైకి చూపించి, "దిగు బిడ్డా, ఎంతసేపు కూసుంటవ్, ఆకలైతలేదా?" అని బతిమాలింది. ఎవరూ దిగలేదు. రొట్టె జానమ్మ తింది.

నవీన్ పనికి దెబ్బ తగులుతోంది. పొలం ఎండుతున్నవాడు చుట్టుదారిని మెచ్చుకుంటాడా? వేరే మెకానిక్‌ను పిలుచుకుంటున్నారు. "ఆదివారం దాక చూస్త నాయినా. గప్పటికి దిగకపోతే క్యారియర్ ఇప్పిస్త" అన్నాడు. కురుమయ్య చెయ్యి చాపి క్యారియర్ కమ్మీ పట్టుకున్నాడు. విప్పితే నర్సింగమ్మ మళ్లీ దిగదు, నిర్మలమ్మ నీళ్లు పట్టుకుని రాదు. అంతకన్నా పెద్ద ముల్లు ఇంకొకటి ఉంది. అందరినీ దింపానని ఇన్నేళ్లు చెప్పుకుంటూ వచ్చాడు. ఒకరు దిగనేలేదు.

ఆదివారం పొద్దున జొన్నలబండ నుంచి ఈదమ్మ అనే ఆవిడ వచ్చింది. నలభైకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. చేతులు మోటుగా ఉన్నాయి, మాట గబగబా ఉంది.

"మోటరు కాలింది తమ్మీ. వరి పొట్టకొచ్చింది. ఇయ్యాల నీళ్లు వెట్టకపోతే తాలే మిగులుతది."

"వాగు దారిల పోదాం అక్కా."

"యాడి వాగు దారి? నిన్న కల్వర్టు తవ్విన్రు. హాస్టల్ దారే దిక్కు."

తండ్రీ కొడుకులు మొహాలు చూసుకున్నారు. పోక తప్పదు. ఈదమ్మ వెనక సీట్లో పానాల సంచి పక్కన కూర్చుంది. తాళ్ల మూల దగ్గర నర్సింగమ్మ దిగుతుంటే కాళ్లు పక్కకు జరుపుకుంది. పాత బాయి దగ్గర నిర్మలమ్మకు దండం పెట్టింది. హాస్టల్ గేటు దగ్గర ఠప్పుమని దెబ్బ పడగానే ఆమె మాట సగంలో ఆగిపోయింది. కుడి అరచెయ్యి తిప్పి చూసుకుంది. అది ఎర్రగా కందింది.

"గిది నా దెబ్బే" అంది.

కురుమయ్య వెనక్కి తిరిగాడు. ఈదమ్మ గేటు వంకే చూస్తోంది.

"ఏడో తరగతి పాసయిన. గీ హాస్టల్ల సీటొచ్చింది. మా సారు నా చేతుల చెయ్యేసి, జీపు గేటు కాడ ఆపుమని దిగు బిడ్డా అన్నడు. అంతకు ముందేడు కరువు. మా నాయిన మమ్ముల అందర్ని బొంబాయి పనికి తీస్కపోతాండె. టాపు మీద కూసున్నం. పెట్టె నా ఒళ్లనే ఉండె. గేటు రాంగనే ఒక్క దెబ్బ కొట్టిన."

"నాకు ఇనరాలేదా బిడ్డా?" అన్నాడు కురుమయ్య.

"వాన కొడుతుండె పెద్దనాయినా, పట్టా కప్పుకొని ఉంటిమి. మళ్ల కొడదామంటే నాయిన చెయ్యి పట్టుకున్నడు. చెల్లెను ఎవలెత్తుకోవాలె, బువ్వ ఎవలొండాలె అన్నడు. ఆయన మాట గూడ అబద్ధం గాదు." ఆమె కందిన అరచెయ్యిని కొంగుతో తుడుచుకుంది. "బస్సుల పోయినప్పుడల్ల గీ గేటు రాంగనే మొఖం అటు తిప్పుకుంట."

కురుమయ్య మెల్లగా దిగి, వెనక తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఎక్కు బిడ్డా, టాపెక్కు. నీ జాగల నువ్వు దిగాలె."

ఈదమ్మ కొంగు నడుముకు చెక్కి, వెనక టైరు మీద కాలు పెట్టి క్యారియర్ ఎక్కింది. పైపుల పక్కన ఒక్క క్షణం కూర్చుంది. అక్కడి నుంచి బడి గోడ లోపలంతా కనిపిస్తుంది. వరండాలో ఆడవాళ్లు నేల మీద కూర్చుని పుస్తకాలు తిప్పుతున్నారు. ఒకావిడ చంకలో మనుమడు కూడా ఉన్నాడు. ఈదమ్మకు ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుని, కమ్మీ పట్టుకుని, ఒక్కో కాలూ చూసుకుంటూ కిందికి దిగింది.

నవీన్ తాళం తిప్పాడు. బండి పలకలేదు.

"దిగినోళ్లే కొట్టాలె బిడ్డా" అన్నాడు కురుమయ్య.

ఈదమ్మ చెయ్యెత్తి ఆగిపోయింది. రెండు దెబ్బలు కొడితే జీపు పోతుంది. తను ఇక్కడే ఉండిపోతుంది.

"వరి?" అంది.

"పొలం యాడుందో చెప్పక్కా, మోటరు నేను జూస్కుంట."

"బండల గుట్ట పక్కపొంటి. మా ఆయన ఆడనే ఉన్నడు." చెప్పి, గేటు వంక తిరిగి, మళ్లీ జీపు వంక తిరిగింది. "నన్ను అడిగితే ఏమని చెప్తవ్?"

"హాస్టల్ కాడ దిగిందని చెప్త."

ఈదమ్మ జీపు డొక్క మీద గట్టిగా రెండు దెబ్బలు కొట్టింది. ఇంజను ఒక్క పెట్టున అందుకుంది. అద్దంలో ఆమె గేటు దాటడం కనిపించినంతసేపూ కురుమయ్య చూస్తూనే ఉన్నాడు. కనిపించకుండా పోయాక సీట్లో వెనక్కి వాలి, "ఇగ అందరు దిగిన్రు" అన్నాడు. ఏడుస్తూనే నవ్వాడు.

ఆ గేటు దగ్గర జీపు మళ్లీ ఆగలేదు. ఈదమ్మ వరి గట్టెక్కింది. ఆమె ఆదివారాలన్నీ బడికి పోయింది, లెక్కల్లో ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కింది. పది పాసయినాక అదే హాస్టల్‌లో ఆయా పని దొరికింది. పిల్లలు ఆమెను పేరుతో పిలవరు, పెద్దమ్మ అంటారు.

ఒక జూన్ నెల మధ్యాహ్నం ఆమె గేటు దగ్గర జానమ్మతో ముచ్చట పెడుతోంది. కూలీల వ్యాను ఒకటి మూటలతో, మనుషులతో కిక్కిరిసి, పాటలు మోగించుకుంటూ కల్వకుర్తి వైపు పోతోంది. ఈదమ్మ మాట ఆపి, ఒక్క ఉదుటున రోడ్డు నడిమికి ఉరికి చెయ్యెత్తింది. వ్యాను కీచుమని ఆగింది.

"సావాలని ఉందా అమ్మా? ఎందుకాపినవ్?" డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు.

"టాపు మీద ఒకలు దిగేదుంది" అంది ఈదమ్మ.

జానమ్మకు ఏ చప్పుడూ వినిపించలేదు. డ్రైవరుకూ వినిపించలేదు. కానీ టాపు మీద, మూటల నడుమ, రేకు పెట్టె ఒళ్లో పెట్టుకుని ఒక పిల్ల కూర్చుని ఉంది. దాని అరచెయ్యి ఇంకా టాపు రేకు మీదే ఉంది. పక్కన ఉన్న తండ్రి ఆ చెయ్యి పట్టుకోబోతూ ఈదమ్మను చూశాడు.

"పట్టుకోకు తమ్మీ" అంది ఈదమ్మ. "మా నాయిన గిట్లనే పట్టుకున్నడు. నేను దిగేసరికి ముసలిదాన్నయిన."

అతడు చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుని, పెట్టె కిందికి అందించాడు. పిల్ల దిగింది. ఈదమ్మ దాన్ని వ్యాను పక్కకు తీసుకుపోయి, ఆ చిన్న చెయ్యి పట్టుకుని, డొక్క మీద రెండు దెబ్బలు కొట్టించింది.