ముప్ఫై ఆపిళ్లు, ముప్ఫై గుంతలు

"ముప్ఫయ్యింటికీ గుంతలే! ఎవడు చేశాడీ పని?"

మారిట్ పెట్టెను బల్లమీద బోర్లించింది. ప్రతి ఆపిల్‌కీ ఒక పక్క తొక్క చెక్కి ఉంది. అక్కడ చిటికెన వేలు పట్టేంత గుంత. పండు గట్టిదనం కొలిచే ఇనుప మొన గుర్తు అది.

కిటికీలోంచి చూస్తే వాల్ నది కట్ట మీద నీలం కారు వస్తోంది. సూపర్‌మార్కెట్లకు పళ్లు కొనే యూడిత్ కారు. నలుగురు రైతుల బృందం ఆరేళ్లు కలిసి పెంచిన కొత్త రకానికి ఇదే తొలి కాపు. వడగళ్లు మిగిల్చినవి ఈ ముప్ఫయ్యే. ఈ రకాన్ని నమ్మి మారిట్ తన బేరిపండ్ల తోట మొత్తం పీకించి ఈ మొక్కలే నాటింది. యూడిత్ కాదంటే మారిట్ పని అయిపోయినట్టే.

"నేను పదే కొలిచాను తల్లీ," అన్నాడు బృందంలో అందరికన్నా ముసలివాడైన ట్యూనిస్.

"నేనూ పదే, అక్కా," అంది అలైడా.

వౌటర్ బూట్లు చూసుకున్నాడు. "మిగిలిన పదీ నావి."

"ముందు కొలిచినవాళ్ల గుంతలు కనపడలేదా? కళ్లు కాఫీలో పడేసుకున్నారా?"

"కనపడ్డాయి. అడిగితే నువ్వు ఊరుకుంటావా?" అన్నాడు ట్యూనిస్. "చెప్పకూడదు, అడగకూడదు, ఎవరి కొలత వాళ్ల జేబులోనే అన్నావుగా!"

నిజమే. నిరుడు పాత రకం ఆపిళ్లకు ట్యూనిస్ పాడైన పరికరంతో తీసిన అంకెను అందరూ గుడ్డిగా దించుకుంటే, మారిట్ పెట్టిన నియమమది.

తలుపు తెరుచుకుంది. యూడిత్ బల్లకేసి చూసి కనుబొమలెగరేసింది. "ఎలుకలా?"

"రైతులు," అంది మారిట్ నీరసంగా. "ఒకరికొకరు చెప్పుకోకుండా కొలిచారు."

"ఏవీ, అంకెలు చూపించండి."

మూడు నలిగిన కాగితాలు బయటికొచ్చాయి, ఒక్కోదాని మీద పది పళ్ల సగటు గట్టిదనం. ఏడు పాయింట్ ఎనిమిది. ఏడు పాయింట్ ఎనిమిది. ఏడు పాయింట్ తొమ్మిది.

యూడిత్ ఒక ఆపిల్ తీసి, గుంత చుట్టూ జాగ్రత్తగా కొరికింది. నమిలింది. యూడిత్ ఇంకో ముక్క కొరికింది.

"ఏ బృందం దగ్గరికెళ్లినా ఒకడు కొలుస్తాడు, మిగతావాళ్లు ఆ అంకే రాసుకుంటారు. నేను మళ్లీ మొదట్నుంచీ కొలుచుకోవాలి. విడివిడిగా కొలిచి ఒకే మాట మీదున్న వాళ్లను ఇవాళే చూశాను. వచ్చే ఏటి కాపంతా నాకే రాసివ్వండి. ఇంతకీ మీ నోళ్లకు తాళం వేసిన ఆ మహానుభావులెవరు?"

మూడు వేళ్లు ఒక్కసారిగా లేచాయి.

"మారిట్!"